వంద కోట్ల రికార్డులున్న టేబుల్: లెక్క తేలడం లేదు, సైజు తగ్గడం లేదు

మీటర్_లెక్కలు

మా పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో విద్యుత్ మీటర్ల రీడింగులు నిల్వ చేసే టేబుల్ ఒకటి ఉంది. సుమారు లక్షా ఇరవై వేల స్మార్ట్ మీటర్లు ప్రతి 15 నిమిషాలకు ఒక రీడింగు పంపుతాయి. ఆగస్టు వరకు 180 రోజుల రీడింగులు ఉంచేవాళ్లం. ఆ తర్వాత గడువును 90 రోజులకు తగ్గించి, అంతకన్నా పాతవన్నీ డిలీట్ చేశాం. ఇప్పుడు కూడా రోజూ రాత్రి గడువు దాటిన రోజు రీడింగులను డిలీట్ చేస్తున్నాం.

ఈ టేబుల్‌లో ఎన్ని రికార్డులున్నాయో, అది ఎంత చోటు తీసుకుంటోందో నెలనెలా మేనేజరు గారికి నివేదిక పంపాలి. రికార్డులన్నీ లెక్కపెట్టే సెలెక్ట్ కౌంట్ స్టార్ ఆదేశం ఇస్తే ప్రధాన సర్వరులో గంట దాటినా జవాబు రావడం లేదు. దాని నకలుగా నడిచే రెప్లికాలో ఇస్తే, రికవరీకి (ప్రధాన సర్వరు మార్పులను నకలులో చేర్చే పనికి) అడ్డు వస్తున్నందువల్ల ఆపేస్తున్నానంటూ మధ్యలోనే తెగిపోతోంది. సైజు సంగతి ఇంకా విచిత్రంగా ఉంది. సగం రికార్డులు తీసేశాక కూడా టేబుల్ 196 జీబీ, వెతకడానికి వాడే ఇండెక్సు 84 జీబీ, మొత్తం 280 జీబీ అనే చూపిస్తోంది. అసలు డిలీట్ జరిగిందా లేదా అని మేనేజరు గారు నన్నే అడుగుతున్నారు. లెక్కకూ సైజుకూ నమ్మదగిన మార్గం ఏదైనా ఉంటే చెప్పగలరు.

కొత్తగా_చేరాను

కౌంట్ స్టార్ బదులు కౌంట్ ఆఫ్ ఒకటి అని ఇచ్చి చూడండి. అది వేగంగా వస్తుందని మా టీములో అందరూ అంటారు.

ఒరాకిల్_పాతకాపు

ఆ మాట నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ వింటున్నాను, అప్పటికీ అది నిజం కాదు. ఒరాకిల్‌లో రెండూ ఒకటే, పోస్ట్‌గ్రెస్‌లో కూడా దానివల్ల వేగం పెరగదు. తేడా ఉన్నది కాలమ్ పేరు ఇచ్చినప్పుడే, ఎందుకంటే అప్పుడు ఆ కాలమ్‌లో నల్ (విలువ లేదనే గుర్తు) ఉన్న రికార్డులను లెక్కలో కలపదు.

గోదావరి_డీబీఏ

మీటర్_లెక్కలు గారూ, ముందు లెక్క ఎందుకు ఆలస్యమవుతోందో చూద్దాం. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే క్షణంలో రెండు ట్రాన్సాక్షన్లకు (ఒకే పనిగా నడిచే ఆదేశాల గుంపులకు) ఒకే టేబుల్‌లో వేర్వేరు సంఖ్యలో రికార్డులు కనబడవచ్చు. ఒకరు చేర్చి ఇంకా కమిట్ (ఖరారు) చేయని రికార్డు మరొకరికి కనబడకూడదు. అందువల్ల అందరికీ చెల్లే ఒకే సంఖ్యను ఎక్కడో రాసి ఉంచడం కుదరదు, అడిగినప్పుడల్లా ప్రతి రికార్డూ మీకు కనబడుతుందో లేదో చూసి లెక్కపెట్టాల్సిందే. మీ 196 జీబీని సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివినా 33 నిమిషాలు పడుతుంది. అదే డిస్కు మీద రీడింగుల రాక కూడా సాగుతుంటే గంట దాటడంలో వింత లేదు. 9.2 వెర్షన్ నుంచి ఇండెక్సు మాత్రమే చదివి లెక్కించే వీలు ఉంది కానీ, డిలీట్ అయిన రికార్డుల చోటును శుభ్రం చేసే వాక్యూమ్ ఇటీవల నడిచి, ఏ పేజీలో (డిస్కు మీది 8 కేబీ ముక్కలో) రికార్డులన్నీ అందరికీ కనబడతాయో గుర్తుపెట్టే విజిబిలిటీ మ్యాప్ నిండి ఉంటేనే అది పనికొస్తుంది.

మీ నివేదికకు ఇంత శ్రమ అక్కర్లేదు. పీజీ_క్లాస్ అనే సిస్టమ్ టేబుల్‌లో ప్రతి టేబుల్‌కూ రెల్‌టపుల్స్, రెల్‌పేజెస్ (ఒకటి రికార్డుల అంచనా, రెండోది పేజీల సంఖ్య) అనే రెండు కాలమ్‌లు ఉంటాయి. వాక్యూమ్ గానీ, నమూనా చూసి గణాంకాలు సేకరించే ఎనలైజ్ గానీ నడిచినప్పుడల్లా అవి తాజా అవుతాయి. రెల్‌టపుల్స్‌ను రెల్‌పేజెస్‌తో భాగిస్తే పేజీకి ఎన్ని రికార్డులో వస్తుంది. పీజీ_రిలేషన్_సైజ్ ఇచ్చే బైట్లను 8192తో భాగిస్తే ఈ క్షణాన ఉన్న పేజీల సంఖ్య వస్తుంది. ఈ రెండింటినీ గుణించండి. క్వెరీని ఎలా నడపాలో తేల్చే క్వెరీ ప్లానర్ కూడా తన అంచనాకు ఈ పద్ధతినే వాడుతుంది. జవాబు మిల్లీసెకన్లలో వస్తుంది.

రాత్రిషిఫ్టు

గోదావరి_డీబీఏ గారు చెప్పినదానికి ఒక హెచ్చరిక చేర్చాలి. రెల్‌టపుల్స్ నాలుగు బైట్ల ఫ్లోట్ సంఖ్య (పెద్ద అంకెలను ఉజ్జాయింపుగానే పట్టేది) కావడంతో వంద కోట్ల దగ్గర అది ఒక్కొక్కటిగా పెరగదు, 64 చొప్పున గంతులు వేస్తుంది. దాన్ని చివరి అంకె వరకు నివేదికలో రాసి పంపితే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కచ్చితంగా 64కు గుణిజంగానే ఎందుకు వస్తోందని అడిగేవారు ఎవరో ఒకరు దొరుకుతారు. కోట్లలో, రెండు దశాంశాలకు సరిచేసి రాయండి. 14వ వెర్షన్ నుంచి అక్కడ మైనస్ 1 కనబడితే ఆ టేబుల్‌కు వాక్యూమ్ గానీ ఎనలైజ్ గానీ ఇంకా ఎప్పుడూ నడవలేదని అర్థం. అంతకుముందు వెర్షన్లలో సున్నా ఉండేది, దాన్ని చూసి టేబుల్ ఖాళీగా ఉందనుకున్నవారు ఉన్నారు.

ఆడిట్_అప్పారావు

అంచనాలు మీ ఇంజినీర్లకు చాలవచ్చు, ఆడిట్‌కు చాలవు. బిల్లింగు వ్యవస్థకు పంపిన రీడింగులెన్ని, అందినవెన్ని అన్నప్పుడు "సుమారు 103 కోట్లు" అనే జవాబును నేను అంగీకరించను. ఒక్క రికార్డు తగ్గినా ఒక వినియోగదారుడి బిల్లు తప్పుతుంది.

గోదావరి_డీబీఏ

అప్పారావు గారూ, మీరు అడుగుతున్న ప్రశ్న వేరు, ఆయన అడిగిన ప్రశ్న వేరు. డిస్కు ఎప్పుడు నిండుతుందో తెలియడానికి మేనేజరు గారికి లెక్క కావాలి. దానికి ఒక శాతం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. బిల్లింగుకు కావలసింది టేబుల్ మొత్తం సంఖ్య కాదు, ఫలానా రోజున ఫలానా మీటరుకు 96 రీడింగులు వచ్చాయా లేదా అన్నది. టేబుల్ మొత్తం కచ్చితంగా లెక్కపెట్టినా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక మీటరువి నాలుగు తగ్గి, మరొక మీటరువి నాలుగు రెండేసిసార్లు చేరితే మొత్తం సరిపోతుంది, బిల్లులు మాత్రం రెండూ తప్పుతాయి.

ఆడిట్_అప్పారావు

ఆ చివరి వాక్యాన్ని ఒప్పుకుంటున్నాను. అయితే రోజువారీ లెక్క కచ్చితంగా ఉండాలన్న మాట మీద నిలబడే ఉన్నాను.

సూచిక_శాస్త్రి

రోజువారీ లెక్కకు మార్గం సులువే. ముగిసిన రోజును ఒకసారి లెక్కపెట్టి, తేదీ, మీటరు, సంఖ్య అనే మూడు కాలమ్‌లున్న చిన్న టేబుల్‌లో రాసి ఉంచండి. పాత రోజులను మళ్లీ లెక్కపెట్టే పని ఉండదు. సిగ్నల్ అందక ఆలస్యంగా వచ్చే రీడింగులు ఉంటాయి కాబట్టి గడిచిన వారం రోజులను మాత్రం ప్రతి రాత్రీ తిరిగి లెక్కించండి. మొత్తం కావాలంటే ఆ చిన్న టేబుల్‌ను కూడితే సరి.

ట్రిగ్గర్ (మార్పు జరిగినప్పుడల్లా తనంతట తానే నడిచే పని) పెట్టి, ఒకే రికార్డులో ఉన్న సంఖ్యను ప్రతి ఇన్సర్ట్‌కూ ఒకటి పెంచమని మాత్రం ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇన్సర్ట్‌లన్నీ ఆ ఒక్క రికార్డు లాక్ కోసం క్యూ కడతాయి. టేబుల్‌లో ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది గానీ కొత్తవి చేరడం ఆగిపోతుంది.

మాధవి_డేటా

మైఎస్‌క్యూఎల్ వాడేవారు ఈ చర్చ చదివి అదే నమ్మకాన్ని అక్కడి సిస్టమ్ సమాచారమైన ఇన్ఫర్మేషన్ స్కీమా మీద పెట్టుకోకూడదు. దాని డిఫాల్ట్ నిల్వ విధానమైన ఇన్నోడీబీ టేబుళ్లకు అక్కడ కనబడే టేబుల్_రోస్ సంఖ్య అసలు సంఖ్యకు 40 నుంచి 50 శాతం వరకు తేడాగా ఉండవచ్చని వారి అధికారిక పత్రాలే చెబుతున్నాయి. కారణం ఏమిటంటే, డిఫాల్ట్‌గా ఇండెక్సుకు 20 పేజీలు మాత్రమే నమూనాగా తీసుకుంటుంది. కోట్ల రికార్డులకు 20 పేజీల నమూనా ఏ మూలకు వస్తుంది? ఇన్నోడీబీ_స్టాట్స్_పర్సిస్టెంట్_శాంపుల్_పేజెస్ విలువను పెంచి ఎనలైజ్ టేబుల్ నడిపితే అంచనా మెరుగుపడుతుంది.

8.0 వెర్షన్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. ఆ సంఖ్యలు 86,400 సెకన్లపాటు, అంటే ఒక రోజంతా క్యాష్‌లో ఉంటాయి. పొద్దున పది కోట్ల రికార్డులు ఎక్కించి సాయంత్రం చూసినా నిన్నటి సంఖ్యే కనబడవచ్చు. ఇన్ఫర్మేషన్_స్కీమా_స్టాట్స్_ఎక్స్‌పైరీని ఆ సెషన్‌కు సున్నా చేసి చూడాలి.

ఒరాకిల్_పాతకాపు

మైఎస్‌క్యూఎల్ పాత నిల్వ విధానమైన మైఐసామ్ రోజుల్లో ఈ బాధ ఉండేది కాదు, అది కచ్చితమైన లెక్కను ఎప్పుడూ చేతిలో పెట్టుకునే ఉండేది.

మాధవి_డేటా

ఉండేది, కరెంటు పోతే టేబుల్‌ను రిపేరు చేసుకునే భాగ్యం కూడా ఉండేది.

డల్లాస్_తెలుగు

మేము ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడతాం. అక్కడ సిస్.డీఎం_డీబీ_పార్టిషన్_స్టాట్స్ వ్యూలో రో_కౌంట్ కాలమ్‌ను, ఇండెక్స్ ఐడీ 0 లేదా 1 ఉన్నవాటికి (అంటే టేబుల్ సొంత డేటాకు) మాత్రమే కూడితే తక్షణం లెక్క వస్తుంది. ఆ షరతు మరచిపోతే ప్రతి ఇండెక్సుకూ ఒకసారి కలిసి, టేబుల్ మూడింతలు, నాలుగింతలు ఉన్నట్టు కనబడుతుంది. సైజుకు ఎస్‌పీ_స్పేస్‌యూజ్డ్ ఉంది. దాని అంకెలు అనుమానంగా ఉంటే డీబీసీసీ అప్‌డేట్‌యూసేజ్ నడపాలి.

మీరు 180 రోజులు ఉంచిన కాలంలో దాదాపు 207 కోట్లు ఉండి ఉంటాయి కదా. మా దగ్గరైతే మామూలు కౌంట్‌కు గండం దగ్గరపడి ఉండేది, ఎందుకంటే అది ఇచ్చే పూర్ణాంకం 214,74,83,647 దాటలేదు. ఆపైన కౌంట్_బిగ్ వాడకపోతే, గంటసేపు లెక్కపెట్టాక అరిథ్‌మెటిక్ ఓవర్‌ఫ్లో అంటుంది.

మీటర్_లెక్కలు

గోదావరి_డీబీఏ గారి సూత్రం ప్రకారం చూశాను. 102.94 కోట్లు వచ్చింది. ఇది నమ్మదగినదేనా అన్నది ఎలా తెలుస్తుంది?

సూచిక_శాస్త్రి

డేటాబేసును అడగకుండానే సరిచూసుకోవచ్చు. లక్షా ఇరవై వేల మీటర్లు, రోజుకు 96 రీడింగులు అంటే రోజుకు 1 కోటి 15 లక్షల 20 వేలు. 90 రోజులకు 103.68 కోట్లు. మీకు వచ్చిన అంచనా దానికన్నా 74 లక్షలు తక్కువ, అంటే ఒక శాతంలోపే. కమ్యూనికేషన్ అందని మీటర్లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి కాబట్టి ఈ తేడా సహజంగానే ఉంది. ఒకవేళ 130 కోట్లు అని వచ్చి ఉంటే అంచనా పాతబడిందనో, రీడింగులు రెండుసార్లు చేరుతున్నాయనో అనుమానించాల్సి వచ్చేది. ఏ టేబుల్‌కైనా ఇలాంటి లెక్క ఒకటి కాగితం మీద వేసుకున్నాకే సిస్టమ్ సంఖ్యను చూడాలని నా అభిప్రాయం.

రాత్రిషిఫ్టు

పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో లాస్ట్_ఆటోఎనలైజ్ తేదీ కూడా చూడండి. డిఫాల్ట్‌గా టేబుల్‌లో పది శాతం మార్పులు జరిగితేనే ఆటోఎనలైజ్ మొదలవుతుంది. మీకు రోజుకు 1.15 కోట్లు చేరి, 1.15 కోట్లు పోతున్నాయి కాబట్టి నాలుగైదు రోజులకోసారి నడుస్తూ ఉండాలి. ఎనలైజ్ డిఫాల్ట్‌గా 30,000 పేజీలను నమూనాగా తీసుకుంటుంది కాబట్టి మాధవి గారు చెప్పిన 20 పేజీల ఇబ్బంది ఇక్కడ లేదు.

అదే వ్యూలో ఎన్_లైవ్_టప్ అనే రికార్డుల అంచనా సంఖ్య కూడా ఉంటుంది. చాలామంది దాన్నే వాడతారు, నేను వాడను. సర్వరు కుప్పకూలి లేచిందంటే ఆ గణాంకాలు సున్నా నుంచి మొదలవుతాయి, పైగా అవి రెప్లికాకు చేరవు. రెల్‌టపుల్స్ సిస్టమ్ టేబుల్‌లో ఉంటుంది కనుక రెప్లికాలో అడిగినా అదే జవాబు వస్తుంది.

రెప్లికాలో మీ క్వెరీ తెగడానికి కారణం వేరు. ప్రధాన సర్వరులో వాక్యూమ్ తీసేసిన పాత రికార్డులు మీ క్వెరీకి ఇంకా అవసరమైతే, రెప్లికా డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఓర్చుకుని ఆ తర్వాత క్వెరీని తెంచేస్తుంది. హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ అనే సెట్టింగు పెడితే క్వెరీ ఆగదు కానీ, మీ గంట లెక్క ముగిసేదాకా ప్రధాన సర్వరులో చచ్చిన రికార్డులను తీసే వీలుండదు.

కొత్తగా_చేరాను

ఒక సందేహం. టేబుల్ మొత్తం కాకుండా, వోల్టేజి సున్నాగా వచ్చిన రీడింగులు ఎన్ని అని అడిగితే పీజీ_క్లాస్ చెబుతుందా?

సూచిక_శాస్త్రి

చెప్పదు. మంచి ప్రశ్న వేశారు. దానికి 9.5 వెర్షన్ నుంచి, టేబుల్‌లో కొంత నమూనా తీసే టేబుల్‌శాంపుల్ ఉంది. సిస్టమ్ పద్ధతిలో 0.1 శాతం పేజీలు తీసుకుని, వచ్చిన సంఖ్యను వెయ్యితో గుణించండి. అయితే ఇది పేజీలను ఎంచుకుంటుంది గానీ రికార్డులను కాదు. ఒక రాత్రి ఒక ఫీడర్ మొత్తం ఆగిపోతే ఆ సున్నాలన్నీ కొన్ని పేజీల్లోనే పక్కపక్కన ఉంటాయి, నమూనాలో ఆ పేజీలు పడ్డాయా లేదా అన్నదాన్ని బట్టి జవాబు ఊగిపోతుంది. బెర్నౌలీ పద్ధతి రికార్డులనే ఎంచుకుంటుంది కానీ అందుకోసం టేబుల్ అంతా చదువుతుంది, మళ్లీ మొదటికొస్తాం.

మీటర్_లెక్కలు

లెక్క సంగతి తేలినట్టే. కానీ మేనేజరు గారి అసలు కోపం సైజు మీద. సగం తీసేసినా 196 జీబీ అలాగే ఎందుకుంది?

గోదావరి_డీబీఏ

మీ టేబుల్‌లో కాలమ్‌లు ఎన్ని, ఏ రకానివి?

మీటర్_లెక్కలు

మొత్తం తొమ్మిది, అన్నీ ఎనిమిది బైట్లవే. మీటరు సంఖ్య, సమయం, ఏడు కొలతలు. ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ వేరుగా గుర్తించేది) మీటరు సంఖ్య, సమయం కలిపి ఉంటుంది.

గోదావరి_డీబీఏ

అయితే ఈ టేబుల్ అసలు ఎంత ఉండాలో మనమే కట్టుకోవచ్చు. తొమ్మిది కాలమ్‌లకు 72 బైట్లు, రికార్డు హెడరుకు 24, పేజీలో దాని స్థానం చూపే పాయింటరుకు 4, వెరసి 100 బైట్లు. ఎనిమిది కేబీ పేజీలో హెడరు పోగా మిగిలే 8168 బైట్లలో 81 రికార్డులు పడతాయి. 102.94 కోట్లను 81తో భాగిస్తే సుమారు 1.27 కోట్ల పేజీలు, అంటే 97 జీబీ. మీకు కనబడుతున్నది 196. ఇదే పద్ధతిలో 180 రోజులకు కడితే 194 వస్తుంది. అంటే ఆగస్టులో ఎంత ఉందో ఫైలు ఇప్పటికీ అంతే ఉంది, దానిలో సగం ఖాళీ.

డిలీట్ జరిగింది. వాక్యూమ్ కూడా ఆ చోటును తిరిగి వాడుకోవడానికి సిద్ధం చేసింది. కానీ వాక్యూమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇవ్వగలిగేది ఫైలు చివరన వరుసగా ఖాళీగా ఉన్న పేజీలను మాత్రమే. మీ టేబుల్‌లో రీడింగులు కాలక్రమంలో చేరాయి కాబట్టి పాతవి ఫైలు మొదట్లోను, కొత్తవి చివరన ఉన్నాయి. మీరు ఖాళీ చేసింది మొదటి సగాన్ని. బస్సులో ముందు సీట్లవాళ్లు దిగిపోయినంత మాత్రాన బస్సు పొట్టిది కాదు కదా. కౌంట్ స్టార్ ఆలస్యానికి కూడా ఇదొక కారణం, ఖాళీ పేజీలను కూడా అది చదివే తీరాలి.

ఒరాకిల్_పాతకాపు

మా దగ్గర దీన్నే హై వాటర్ మార్క్ (టేబుల్ ఒకప్పుడు చేరిన గరిష్ఠ హద్దు) అంటాం. డిలీట్ చేసినా అది దిగదు, ట్రంకేట్ (టేబుల్ మొత్తాన్ని ఖాళీ) చేస్తే గానీ, టేబుల్‌ను మూవ్ లేదా ష్రింక్ చేస్తే గానీ దిగదు. నేను ఒకచోట ఒక్క రికార్డు కూడా లేని టేబుల్‌కు కౌంట్ ఇచ్చి, సున్నా అనే జవాబు కోసం టీ తాగి వచ్చేంతసేపు కూర్చున్నాను. ఒరాకిల్ వాడేవారు లెక్కకు ఆల్_టేబుల్స్‌లో నమ్_రోస్‌ను, పక్కనే లాస్ట్_ఎనలైజ్డ్ తేదీని చూడండి. సైజుకు డీబీఏ_సెగ్మెంట్స్ చూడాలి. లాబ్ (పెద్ద విలువలుండే) కాలమ్‌లు ఉంటే వాటి సెగ్మెంట్లు వేరుగా ఉంటాయి, టేబుల్ పేరుతో వెతికితే అవి కనబడవు.

మాధవి_డేటా

ఇన్నోడీబీలోనూ ఇదే కథ, టేబుల్ ఉండే ఐబీడీ ఫైలు డిలీట్ వల్ల కుదించుకోదు.

రాత్రిషిఫ్టు

పాతకాపు గారు లాబ్ అన్నారు కాబట్టి చెబుతున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో కూడా సుమారు రెండు కేబీ దాటిన రికార్డులలోని పెద్ద విలువలు టోస్ట్ అనే వేరే టేబుల్‌లోకి వెళతాయి. పీజీ_రిలేషన్_సైజ్ వాటిని కలపదు. పీజీ_టేబుల్_సైజ్ టోస్ట్‌ను కలుపుతుంది, ఇండెక్సులను కలపదు. అన్నీ కావాలంటే పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ వాడాలి. మా దగ్గర జేసన్ కాలమ్ ఉన్న టేబుల్ ఒకటి మొదటి ఫంక్షన్‌కు ఆరు జీబీ అని, చివరిదానికి తొంభై దాకా చూపిస్తుంది. నివేదికలో ఏ ఫంక్షన్ అంకె వేశారో రాయకపోతే వచ్చే నెల ఇంకొకరు ఇంకొకటి వేస్తారు, అప్పుడు పెరిగిందెంతో ఎవరూ చెప్పలేరు.

ఆడిట్_అప్పారావు

అది మాత్రం నిజం. నా ఫైళ్లలో అలాంటి నివేదికలు ఉన్నాయి.

కొత్తగా_చేరాను

అయితే వాక్యూమ్ ఫుల్ కొడితే సరిపోతుంది కదా?

గోదావరి_డీబీఏ

అది టేబుల్‌కు పూర్తిగా తాళం వేసి, కొత్త ప్రతి రాసి, పాతదాన్ని పారేస్తుంది. అంతసేపూ ఎవరూ చదవడానికి కూడా వీలుండదు, మీటర్లు మాత్రం 15 నిమిషాలకోసారి పంపుతూనే ఉంటాయి. ఇదే పనికి విడిగా దొరికే పీజీ_రీప్యాక్ అయితే తాళం కొద్దిసేపే వేస్తుంది కానీ, కొత్త టేబుల్‌కూ కొత్త ఇండెక్సుకూ సరిపడా ఖాళీ డిస్కు ముందుగా కావాలి. పని జరిగే కాలంలో వచ్చే మార్పులకు కూడా కొంత చోటు ఉంచుకోవాలి.

సూచిక_శాస్త్రి

ఈ టేబుల్ విషయంలో నాకు రెండూ అనవసరమనిపిస్తోంది. ఎలాగూ 90 రోజులకే గడువు కదా. సమయాన్ని బట్టి రోజుకొక పార్టిషన్ (విడి ముక్క) ఉండే కొత్త టేబుల్‌ను సృష్టించండి. ఇప్పుడున్న పాత టేబుల్‌ను మార్పు తేదీకి ముందు కాలమంతటికీ ఒకే పార్టిషన్‌గా దానికి అటాచ్ చేయండి. ఆ తేదీ హద్దును రికార్డులు పాటించాల్సిన చెక్ కన్‌స్ట్రెయింట్‌గా ముందే పెట్టి, వ్యాలిడేట్ చేసి (సరిచూసి) ఉంచితే, అటాచ్ చేసేటప్పుడు 196 జీబీని మళ్లీ చదవకుండా ఉంటుంది. మీ ప్రైమరీ కీలో సమయం ఉండనే ఉంది కాబట్టి పార్టిషన్‌కు వాడే కాలమ్ ప్రైమరీ కీలో ఉండాలన్న నియమంతో ఇబ్బంది లేదు. కొత్త రీడింగులు రోజువారీ పార్టిషన్లలోకి వెళతాయి. 90 రోజులు గడిచాక పాత టేబుల్‌లో ఎవరికీ అక్కర్లేని రీడింగులే మిగులుతాయి, ఆ రోజు దాన్ని డ్రాప్ చేస్తే 280 జీబీ ఒక్కసారిగా తిరిగొస్తుంది. ఆ తర్వాత రాత్రిపూట డిలీట్ అనే పనే ఉండదు, రోజుకొక పార్టిషన్ డ్రాప్ చేయడమే.

డల్లాస్_తెలుగు

ఆ 90 రోజులు పాత టేబుల్ 280 జీబీతో ఉండగానే కొత్తది కూడా పెరుగుతుంది. డిస్కులో అందుకు చోటు ఉందా?

సూచిక_శాస్త్రి

న్యాయమైన ప్రశ్న. కొత్తది 90 రోజులకు డేటా 97 జీబీ, ఇండెక్సు మరో 30, 40 జీబీ వరకు చేరుతుంది. అంత లేకపోతే ముందు, పని ఆపకుండా ఇండెక్సును కొత్తగా కట్టే రీఇండెక్స్ కంకరెంట్లీతో 84 జీబీ ఇండెక్సును కుదించుకోవచ్చు, అది 12వ వెర్షన్ నుంచి ఉంది. అప్పటికీ చాలకపోతే రీప్యాక్ వైపే వెళ్లాలి, కానీ దానికీ దాదాపు అంతే చోటు కావాలి.

మీటర్_లెక్కలు

చోటు 200 జీబీ పైగా ఉంది, సరిపోతుంది. పరీక్షా సర్వరులో చిన్న నమూనాతో చేసి చూశాను, అటాచ్ వెంటనే అయిపోయింది. కానీ ఇప్పుడు ప్రధాన టేబుల్ పేరుతో పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ అడిగితే సున్నా అంటోంది. ఈ నివేదికే గనుక మేనేజరు గారికి వెళ్లి ఉంటే డేటా మొత్తం పోయిందనుకునేవారు.

రాత్రిషిఫ్టు

పార్టిషన్లున్న టేబుల్‌కు సొంతంగా ఫైలు ఉండదు కాబట్టి సున్నాయే వస్తుంది. పీజీ_పార్టిషన్_ట్రీ ఫంక్షన్ ఇచ్చే పార్టిషన్లన్నింటికీ విడివిడిగా సైజు అడిగి కూడండి, అదీ 12 నుంచి ఉంది. రికార్డుల లెక్కకు కూడా పార్టిషన్ల రెల్‌టపుల్స్‌నే కూడాలి. పైగా ఆటోవాక్యూమ్ పార్టిషన్లను మాత్రమే ఎనలైజ్ చేస్తుంది, తల్లి టేబుల్‌ను ముట్టుకోదు. దానికి వారానికోసారి ఎనలైజ్ నడిపేలా, పనులను సమయానికి మొదలుపెట్టే క్రాన్‌లో మీరే పెట్టుకోవాలి, లేకపోతే లెక్కతో పాటు క్వెరీ ప్లాన్లు కూడా పాడవుతాయి.

మీటర్_లెక్కలు

పెట్టాను, ఆదివారం తెల్లవారుజామున మూడింటికి. ఈ నెల నివేదికలో రికార్డులు సుమారు 102.94 కోట్లు అని, పక్కనే చివరి ఎనలైజ్ తేదీ వేశాను. సైజు వరుసను రెండుగా విడదీసి, టేబుల్ ఫైలు 196 జీబీ, అందులో డేటాకు కావలసింది 97 జీబీ అని రాశాను. మిగతా 99 జీబీ ఎప్పుడు తిరిగొస్తుందని జవాబు వచ్చింది, మార్పు తేదీ ఖరారు కాగానే దానికి 90 రోజులు కలిపి పంపుతాను.